రౌటరు నిద్ర లేవకపోతే?

వర్షాకాలం. మధ్యాహ్నం మూడు గంటలు దాటింది. ఒక పల్లెటూరి హైస్కూలుకు వెళ్ళాను. అక్కడ లెక్కల మాస్టారు నా చిన్ననాటి స్నేహితుడు. ఆ రోజు బడిలో హడావుడిగా ఉంది. స్కాలర్‌షిప్ పరీక్షకు దరఖాస్తులు పంపడానికి అదే ఆఖరి రోజు. పదకొండు మంది పిల్లల దరఖాస్తులు ఇంకా మిగిలి ఉన్నాయి. అవన్నీ కంప్యూటర్ ద్వారానే పంపాలి. సెల్‌ఫోన్ సిగ్నల్ కావాలంటే ఆ ఊళ్ళో చెరువుగట్టు దాకా నడవాలి. కాబట్టి బడికి వచ్చే ఇంటర్నెట్ తీగే వాళ్ళకు దిక్కు.

సరిగ్గా అప్పుడే ఉరుములు, మెరుపులు. కరెంటు పోయింది. అరగంట తరువాత మళ్ళీ వచ్చింది. ట్యూబులైట్లు వెలిగాయి. ఫ్యాన్లు తిరిగాయి. కంప్యూటర్లు ఒక్కొక్కటే మేలుకున్నాయి. ఇంటర్నెట్ మాత్రం రాలేదు!

గోడకు బిగించిన రౌటరు వైపు అందరూ చూశారు. దీపాలు వెలుగుతున్నట్టే ఉన్నాయి. "నువ్వు చదువుకున్నవాడివి, ఏదో ఒకటి చెయ్యరా" అన్నాడు మావాడు. నేను గుండుసూది తీసుకుని రౌటరు వెనుక ఉన్న చిన్న రంధ్రంలో గుచ్చి, పది సెకన్లు గట్టిగా నొక్కి పట్టాను. దీపాలన్నీ ఆరి, మళ్ళీ వెలిగాయి. నేను చాలా గొప్ప పని చేశాననుకున్నాను.

"సార్, ముందు ఏ దీపం వెలగటం లేదో చూడవద్దా?" అన్నది వెనుక నుంచి ఒక గొంతు. తొమ్మిదో తరగతి చదువుతున్న అమ్మాయి.

ఆమె అడిగిన ప్రశ్నే సరైనది. నేను చేసిన పని తప్పు. ఎందుకు తప్పో తెలియాలంటే, రౌటరు నిద్ర లేచేటప్పుడు దాని లోపల ఏం జరుగుతుందో ముందు మీకు తెలియాలి.

రౌటరు చేసే పని ఏమిటి?

రైల్వే స్టేషన్లలో తపాలా సంచులు విడదీసే గుమాస్తాను ఊహించుకోండి. ఉత్తరం లోపల ఏం రాసి ఉందో ఆయనకు అక్కరలేదు. పైనున్న చిరునామా చూస్తాడు, ఏ బండిలో వెయ్యాలో నిర్ణయిస్తాడు, ఆ సంచిలో పడేస్తాడు. రౌటరు చేసేదీ ఇదే.

కంప్యూటర్లు పంపుకునే సమాచారం ఒకే మూటగా ప్రయాణం చెయ్యదు. చిన్న చిన్న పొట్లాలుగా విడిపోయి వెళుతుంది. ప్రతి పొట్లం మీదా పంపినవారి చిరునామా, అందవలసినవారి చిరునామా అంకెలలో ఉంటాయి. 192.168.1.1 వంటి అంకెలు మీరు రౌటరు అడుగున అంటించిన చీటీ మీద చూసే ఉంటారు. నాలుగు సంఖ్యలు, ఒక్కొక్కటి 0 నుంచి 255 లోపు. పొట్లం రాగానే రౌటరు చిరునామా చదివి, దాన్ని ఏ దారిన పంపాలో తేల్చుకుని అటు తోసేస్తుంది.

ఈ పని చెయ్యాలంటే అది కూడా కంప్యూటరే కావాలి. అవును, మీ ఇంట్లోనో, బడిలోనో గోడకు వేలాడుతున్న ఆ చిన్న పెట్టె నిజానికి ఒక కంప్యూటరు! దానికీ ప్రాసెసర్ ఉంది, జ్ఞాపకశక్తి ఉంది, ప్రోగ్రాములు ఉన్నాయి. లేనివల్లా తెర, మీటల పలక. అందుకని దానికి జబ్బు చేస్తే నోరు విప్పి చెప్పలేదు. దీపాలతో సైగ చేస్తుంది, అంతే.

నిద్ర లేవటంలో ఆరు మెట్లు

స్విచ్ వేసిన తరువాత రౌటరు పనిలోకి దిగడానికి సాధారణంగా ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ట్యూబులైటుకు లేని ఆలస్యం దీనికెందుకు? అది ఆరు మెట్లు ఎక్కి రావాలి కనుక.

మొదటి మెట్టు విద్యుత్తు. గోడలోని సాకెట్ నుంచి వచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. అడాప్టరు దాన్ని చాలా రౌటర్లకు కావలసిన 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. రౌటరు లోపలి సాధనాలకు అది కూడా ఎక్కువే. లోపల ఉన్న మరికొన్ని భాగాలు దాన్ని 3.3 వోల్టులకూ, ఇంకా కిందికీ దించుతాయి.

రెండవ మెట్టు మొదటి ఊపిరి. కరెంటు అందగానే ప్రాసెసర్‌కు ఏమీ తెలియదు. పుట్టిన పసిపాపకు పాలు తాగటం ఒక్కటే తెలిసినట్టు, దానికీ ఒక్కటే తెలుసు: జ్ఞాపకంలో ఫలానా చోట మొదటి ఆజ్ఞ ఉంటుంది, దాన్ని చదవాలి. అక్కడ ఒక చిన్న ప్రోగ్రాము ఉంటుంది. దీన్ని బూట్‌లోడర్ అంటారు. తన బూటు పట్టీలు తానే పట్టుకుని తనను తాను పైకి లేపుకోవటం అనే పాత ఇంగ్లీషు హాస్యోక్తి నుంచి ఈ 'బూట్' అనే మాట వచ్చింది. ఈ ప్రోగ్రాము పని జ్ఞాపక భాగాలను సిద్ధం చెయ్యటం, పెద్ద ప్రోగ్రాము ఎక్కడ ఉందో వెతకటం.

మూడవ మెట్టు పెద్ద ప్రోగ్రామును లేపటం. ఇది ఫ్లాష్ అనే జ్ఞాపకంలో, కరెంటు లేకపోయినా చెరిగిపోకుండా, స్థలం కలిసి రావటానికి నొక్కి పెట్టిన పరుపులా మడిచి ఉంటుంది. బూట్‌లోడర్ ముందు అది చెడిపోలేదు కదా అని సరిచూస్తుంది. ఎలాగంటారా? కొట్టువాడు సరుకుల చీటీ అడుగున మొత్తం వేసి ఇస్తాడు కదా. ఇంటికి వచ్చి మళ్ళీ కూడితే అదే మొత్తం రావాలి. రాకపోతే ఎక్కడో ఒక అంకె మారినట్టు. ఇక్కడా అంతే. లెక్క సరిపోతే ప్రోగ్రామును విప్పి, వేగంగా పనిచేసే రామ్ అనే జ్ఞాపకంలోకి ఎక్కించి, పెత్తనం దానికి అప్పగిస్తుంది. చాలా ఇళ్ళ రౌటర్లలో ఈ పెద్ద ప్రోగ్రాము లినక్స్ రకానిది.

నాలుగవ మెట్టు సెట్టింగులు చదవటం. వైఫై పేరు ఏమిటి, సంకేత పదం ఏమిటి, ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళు ఇచ్చిన ఖాతా పేరు ఏమిటి? ఇవన్నీ ఫ్లాష్‌లో వేరే అరలో ఉంటాయి. ఈ అర సంగతి గుర్తు పెట్టుకోండి. మళ్ళీ వస్తాను.

ఐదవ మెట్టు తలుపులు తెరవటం. తీగలు గుచ్చే రంధ్రాలు, వైఫై రేడియో అప్పుడు పనిలోకి వస్తాయి.

ఆరవ మెట్టు బయటి ప్రపంచంతో పరిచయం. రౌటరు కంపెనీ వారి యంత్రాన్ని పలకరించి తనకొక చిరునామా అడగాలి. చాలా చోట్ల ఇది నాలుగు మాటల సంభాషణ. "ఇక్కడ చిరునామాలిచ్చే వారెవరైనా ఉన్నారా?" అని రౌటరు కేక వేస్తుంది. "ఉన్నాను, ఇదిగో ఈ చిరునామా తీసుకుంటావా?" అని జవాబు. "అదే ఇప్పించండి" అని రౌటరు. "సరే, ఇంత కాలం నీది" అని ముగింపు. కొన్ని కంపెనీల పద్ధతిలో దీనికి ముందు ఖాతా పేరు, సంకేత పదం కూడా చెప్పాలి.

ఇక్కడొక తమాషా. చేతి గడియారంలో ఉన్నట్టు బ్యాటరీ చాలా రౌటర్లలో ఉండదు. కరెంటు పోతే వాటికి కాలం తెలియదు. నిద్ర లేవగానే కొన్ని రౌటర్లు ఆ రోజు 1970 జనవరి 1 అనుకుంటాయి! యూనిక్స్, లినక్స్ వంటి ప్రోగ్రాములు ఆ రోజు నుంచి సెకన్లు లెక్కపెట్టడం ఆనవాయితీ. ఇంటర్నెట్ దొరికాక, టైము చెప్పే యంత్రాలను అడిగి రౌటరు తన గడియారం సరిచేసుకుంటుంది. ఎప్పుడైనా రౌటరు దినచర్య పట్టికలో 1970 అని కనిపిస్తే భయపడకండి. అది ఇంకా ఆరవ మెట్టు ఎక్కలేదని మాత్రమే దానికి అర్థం.

ఎక్కడ ఆగిందో చూడండి

ఈ మెట్లు తెలిస్తే లోపం వెతకటం ఎంత సులువో చూడండి. మెట్లు ఒకదాని తరువాత ఒకటే ఎక్కాలి. మూడవది ఎక్కనిదే నాలుగవది ఎక్కటం కుదరదు. కాబట్టి అది ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే, చాలావరకు కింది మెట్లు బాగున్నట్టే. ముందు ఆగిన మెట్టు దగ్గర వెతకాలి.

దీపం ఒక్కటీ వెలగకపోతే మొదటి మెట్టు చూడండి. సాకెట్‌లో కరెంటు ఉందా? అడాప్టరు బాగుందా? పవర్ దీపం వెలిగి, ఎంతసేపు చూసినా మరే దీపమూ రాకపోతే రెండవ మెట్టు దగ్గరో, మూడవ మెట్టు దగ్గరో ఆగింది. పెద్ద ప్రోగ్రాము చెడిపోయి ఉండవచ్చు. ఇది నిపుణుల పని. వైఫై కనిపిస్తోంది, ఇంటర్నెట్ దీపం మాత్రం రాలేదంటే ఐదు మెట్లు ఎక్కేసింది, ఆరవ దాని దగ్గర ఆగింది. గాజు తీగ ద్వారా ఇంటర్నెట్ వచ్చే చోట ఇంకొక చిన్న పెట్టె ఉంటుంది. దాని మీద ఎర్ర దీపం మిణుకు మిణుకుమంటే తీగలో వెలుగు రావటం లేదన్నమాట. తీగ ఎక్కడో తెగి ఉండవచ్చు. అప్పుడు మీ రౌటరును ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు.

పెద్ద పెద్ద సంస్థలలో వాడే రౌటర్లకు నోరు కూడా ఉంటుంది. కన్సోల్ అనే రంధ్రానికి కంప్యూటరు తగిలిస్తే, అవి మెట్టు మెట్టుకూ తెర మీద ఒక వాక్యం రాస్తూ లేస్తాయి. చివరి వాక్యం ఏదో చూస్తే ఎక్కడ ఆగిందో ఇట్టే తెలుస్తుంది. సిస్కో కంపెనీ రౌటర్లలో పెద్ద ప్రోగ్రాము దొరకకపోతే చిన్న ప్రోగ్రామే ముందుకు వచ్చి ఆజ్ఞల కోసం ఎదురుచూస్తుంది. "ఈ సారికి సెట్టింగులు చదవకుండా లే" అని కూడా దానికి చెప్పవచ్చు. అలా చెప్పినప్పుడు బాగా లేచిందంటే, తప్పు సెట్టింగులలోనే ఉందని తేలిపోతుంది. ఒక మెట్టు దాటించి చూడటం కూడా పరిశోధనే.

ఇప్పుడు మళ్ళీ మన బడికి వద్దాం.

ఆ అమ్మాయి కుర్చీ లాక్కుని రౌటరు ఎదురుగా కూర్చున్నది. గోడ గడియారం చూస్తూ నోటు పుస్తకంలో రాసుకోవటం మొదలుపెట్టింది. పవర్ దీపం వెలిగింది. కొంతసేపటికి తీగల దీపాలు వెలిగాయి. తరువాత వైఫై దీపం ఒక్కసారి మెరిసింది. అంతే! అన్నీ ఆరిపోయి, మళ్ళీ మొదటి నుంచి ప్రారంభమైంది. మేము దూరం నుంచి చూసి "దీపాలు వెలుగుతున్నాయి" అనుకున్నాము. నిజానికి రౌటరు ఐదవ మెట్టు దాకా ఎక్కి, కిందపడి, మళ్ళీ ఎక్కుతున్నది. ఆమె మూడుసార్లు లెక్కపెట్టింది. మూడుసార్లూ 38 సెకన్లే.

"ప్రతిసారీ వైఫై వెలగగానే పడిపోతోంది సార్. వైఫైకి కరెంటు ఎక్కువ కావాలా?" అని అడిగింది.

నేను అడాప్టరు తీసి చూశాను. దాని మీద 12 వోల్టులు, 0.5 ఆంపియర్లు అని ఉంది. రౌటరు అడుగున 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉంది. మీరు పదో తరగతి పాఠంలో చదువుకునే లెక్కే: సామర్థ్యం అంటే వోల్టులను ఆంపియర్లతో హెచ్చించటం. ఆ అడాప్టరు ఇవ్వగలిగింది 6 వాట్లు. రౌటరు 18 వాట్లు కావాలని అడుగుతోంది. రేడియో పనిలోకి రాకముందు దాని ఆకలి తక్కువ కనుక ఆరు వాట్లతో సరిపెట్టుకుంది. రేడియో మేలుకోగానే కరెంటు ఎక్కువ లాగింది. అడాప్టరు తట్టుకోలేక వోల్టేజి పడిపోయింది. ప్రాసెసర్ స్పృహ తప్పి, మళ్ళీ మొదటికి వచ్చింది. ఊళ్ళో వోల్టేజి తక్కువగా ఉన్నప్పుడు మోటారు వెయ్యగానే దీపాలు గుడ్డిగా వెలగటం మీరు చూశారు కదా. అదే సంగతి.

మరి ఈ అడాప్టరు ఎలా వచ్చింది? అటెండరు నెమ్మదిగా చెప్పాడు: "ఉరుములు వస్తున్నాయని నేనే రెండు పెట్టెల తీగలూ తీసేశానండీ. మళ్ళీ నేనే పెట్టాను." ఆయన చేసిన పని మంచిదే. పిడుగులు పడేటప్పుడు తీసెయ్యటమే క్షేమం. ఐతే గాజు తీగ పెట్టె అడాప్టరు, రౌటరు అడాప్టరు చూడటానికి ఒక్కలాగే ఉన్నాయి. పెట్టేటప్పుడు తారుమారయ్యాయి. ఇక్కడ మీకో ప్రశ్న: ఎక్కువ ఆంపియర్ల అడాప్టరు తగిలించుకున్న గాజు తీగ పెట్టె ఎందుకు చెడిపోలేదు? వోల్టులు సమానంగా ఉంటే పరికరం తనకు కావలసినంత కరెంటే తీసుకుంటుంది. బిందె పెద్దదైనంత మాత్రాన మనం దాహానికి మించి తాగం కదా!

రెండు అడాప్టర్లూ మార్చాము. రౌటరు ఐదు మెట్లూ చకచకా ఎక్కింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. కాని ఇంటర్నెట్ దీపం వెలగలేదు.

కారణం నేను! గుండుసూదితో నొక్కానే, ఆ రంధ్రం పేరు రీసెట్. దాన్ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే నాలుగవ మెట్టులోని అరను తుడిచి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఉన్న స్థితికి తెస్తుంది. బడి ఖాతా పేరు, సంకేత పదం అన్నీ పోయాయి. అవి రాసిన కాగితం ఎవరి దగ్గరా లేదు. లైన్‌మన్‌కు కబురు పంపాము. గాలివానకు తెగిన తీగలు కట్టుకుంటూ ఆయన వచ్చేసరికి సాయంత్రం ఆరున్నర. దరఖాస్తులన్నీ వెళ్ళేసరికి ఏడున్నర దాటింది. ఇద్దరు పిల్లలకు ఆఖరి బస్సు తప్పిపోయింది. హెడ్మాస్టారు తన మోటారు సైకిలు మీద చీకట్లో వాళ్ళను ఊళ్ళో దిగబెట్టి వచ్చారు.

నేను సూది పట్టుకోకుండా ఉంటే నాలుగున్నరకే అయిపోయేది.

తొలి రౌటరు ఎలా లేచేది?

రౌటరును నిద్ర లేపటం ఈనాటి సమస్య కాదు. రౌటర్లు పుట్టిన రోజు నుంచీ ఉన్నదే.

1969లో అమెరికాలో ఆర్పానెట్ అనే నెట్‌వర్క్ మొదలైంది. నేటి ఇంటర్నెట్‌కు అది పూర్వీకురాలు. అందులో ఈనాటి రౌటరు పని చేసిన యంత్రాన్ని ఐఎంపీ అనేవారు. బోల్ట్, బెరానెక్ అండ్ న్యూమన్ అనే సంస్థ ఇంజనీర్లు హనీవెల్ కంపెనీ కంప్యూటరును మార్చి దాన్ని తయారు చేశారు. బీరువా అంత పెట్టె. బరువు దాదాపు 400 కిలోలు! మొదటిది లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ, రెండవది స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకూ చేరాయి. 1969 అక్టోబరు 29 రాత్రి లాస్ ఏంజిలిస్ నుంచి 'లాగిన్' అనే మాట పంపబోయారు. 'ఎల్', 'ఓ' అనే రెండక్షరాలు చేరాయి. మూడో అక్షరానికి అవతలి కంప్యూటరు కుప్పకూలింది. దాదాపు గంట తరువాత దాన్ని బాగుచేసి మాట పూర్తిగా పంపారు. ఇంటర్నెట్ చరిత్రలో మొదటి సందేశమే మరమ్మతుతో మొదలైందన్నమాట!

ఐఎంపీ ఇంజనీర్లకు ఒక చిక్కు. ఈ యంత్రాలు వందల మైళ్ళ దూరంలో విడివిడిగా ఉంటాయి. ఒకటి ఆగిపోతే దాన్ని లేపటానికి ప్రతిసారీ మనిషి వెళ్ళలేడు. అందుకని కరెంటు పోయి వస్తే దానంతట అదే మళ్ళీ మొదలయ్యేటట్టు చేశారు. పైగా దానిలో ఒక కాపలా గడియారం పెట్టారు. ప్రోగ్రాము సక్రమంగా నడుస్తున్నంత కాలం ఆ గడియారానికి అప్పుడప్పుడూ "నేను బాగానే ఉన్నాను" అని చెబుతూ ఉండాలి. చెప్పకపోతే, ఏదో తేడా వచ్చిందని గ్రహించి అది యంత్రాన్ని తిరిగి లేపుతుంది. ప్రోగ్రామే చెడిపోతే? పొరుగు ఊరిలోని ఐఎంపీని అడిగి, టెలిఫోను తీగ మీదుగా కొత్త ప్రతి తెప్పించుకునే ఏర్పాటు కూడా చేశారు. పొయ్యి ఆరిపోతే పక్కింటి నుంచి నిప్పు తెచ్చుకున్నట్టు! ఆ కాపలా గడియారం నేటి రౌటర్లలోనూ ఉంది.

ఆపి వేసినా బాగుపడని రోజు

"ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యి, అదే బాగుపడుతుంది" అని మీరు వినే ఉంటారు. చాలాసార్లు నిజమే. ఆపితే రామ్‌లో పేరుకున్న తప్పులు తుడిచిపెట్టుకుపోతాయి. కాని 1980 అక్టోబరు 27న ఆర్పానెట్ మొత్తం కొన్ని గంటల పాటు పనికిరాకుండా పోయినప్పుడు ఈ మంత్రం పారలేదు. బోల్ట్, బెరానెక్ అండ్ న్యూమన్ ఇంజనీరు ఎరిక్ రోజెన్ ఆ సంగతిని 1981లో ఒక నివేదికగా రాశాడు. అది అపరాధ పరిశోధన కథలా ఉంటుంది.

ప్రతి ఐఎంపీ తన చుట్టూ ఉన్న దారులు ఎలా ఉన్నాయో అప్పుడప్పుడు ఒక వార్త పంపుతుంది. ఆ వార్త యంత్రం నుంచి యంత్రానికి పాకి అందరికీ చేరుతుంది. రెండు వార్తలలో ఏది కొత్తదో తెలియటానికి వాటికి వరుస సంఖ్యలు. 0 నుంచి 63 దాకా, తరువాత మళ్ళీ 0. ఇది 64 గంటలున్న గడియారం వంటిది. మామూలు గడియారంలో 11, 2 లలో ఏది తరువాతది? 11 నుంచి ముందుకు మూడు అడుగులు వేస్తే 2 వస్తుంది కనుక 2 తరువాతది అంటాము. అలాగే ఐఎంపీలు కూడా, ముందుకు 32 అడుగుల లోపు వస్తే అది కొత్తది అనుకునేవి.

ఆ రోజు 50వ నంబరు ఐఎంపీ పేరుతో మూడు వార్తలు తిరుగుతూ కనిపించాయి. వాటి సంఖ్యలు 44, 40, 8. వీటిని రెండంకెల పద్ధతిలో రాసి చూడండి. 44 అంటే 101100. మధ్యలో ఒక 1 జారి 0 అయితే 101000, అంటే 40. మొదటి 1 కూడా జారితే 001000, అంటే 8. పక్కనే ఉన్న 29వ నంబరు యంత్రంలో పరికరాల లోపం వల్ల ఇలా అంకెలు జారిపోయాయని ఇంజనీర్లు భావించారు.

ఇప్పుడు గడియారం మీద లెక్కపెట్టండి. 40 నుంచి 4 అడుగులు వేస్తే 44. కాబట్టి 44 కొత్తది. 8 నుంచి 32 అడుగులు వేస్తే 40. కాబట్టి 40 కొత్తది. 44 నుంచి 28 అడుగులు వేస్తే 8. కాబట్టి 8 కొత్తది! రాయి, కాగితం, కత్తెర ఆటలా ఒకదాన్ని మించినది ఇంకొకటి. ప్రతి ఐఎంపీ ఒక వార్త అందగానే "ఇది కొత్తది" అని పాతది పారేసి అందరికీ పంపింది. అంతలో ఇంకొకటి వచ్చింది. అదీ కొత్తదే! ఇలా మూడు పుకార్లు ఊరంతా గిరగిరా తిరిగాయి. వార్తలకు మామూలు సందేశాల కంటే ముందు దారి ఇవ్వాలని నియమం కనుక మిగతా పని ఆగిపోయింది.

ఒక యంత్రాన్ని ఆపి వేస్తే ఏమవుతుంది? శుభ్రంగా లేస్తుంది. లేవగానే పొరుగు యంత్రం అదే పుకారు చెవిలో ఊదుతుంది. జబ్బు ఒక యంత్రంలో లేదు, వాటి మధ్య తిరుగుతోంది. ఇంజనీర్లు ఏం చేశారంటే, కొన్ని యంత్రాల జ్ఞాపకంలో ఉన్నదంతా రాబట్టి చదివారు. క్యూలో నిలిచిన వార్తలన్నీ 50వ నంబరు పేరుతోనే ఉన్నాయని గమనించారు. "50 పేరుతో వచ్చే వార్తలు నమ్మవద్దు" అనే చిన్న సవరణను యంత్రాలన్నిటికీ ఎక్కించారు. పుకారు చల్లారింది. నెట్‌వర్క్ మామూలు స్థితికి వచ్చింది. లోపమున్న యంత్రం సంగతి తేలాక ఆ సవరణను తీసేశారు.

చూశారా? ఆ ఇంజనీర్లు చేసిన పనీ, మన తొమ్మిదో తరగతి అమ్మాయి చేసిన పనీ ఒకటే. ఏదీ మార్చకముందు చూశారు, రాసుకున్నారు.

మీరే చేసి చూడండి

పెద్దవాళ్ళ అనుమతి తీసుకుని, ఎవరికీ ఇంటర్నెట్ పని లేని సమయంలో ఇంటి రౌటరునో బడి రౌటరునో ఒకసారి ఆపి, అర నిమిషం ఆగి వెయ్యండి. గడియారం, కాగితం దగ్గర పెట్టుకోండి. ఏ దీపం ఎన్నవ సెకనులో వెలిగిందో, ఏ రంగులో వెలిగిందో రాయండి. ఇది ఆరోగ్యంగా ఉన్న రౌటరు పట్టిక. దీన్ని రౌటరు పక్కన గోడకు అంటించండి. రేపు జబ్బు చేసినప్పుడు పోల్చి చూడటానికి ఇంతకంటే మంచి సాధనం లేదు.

అదే కాగితం మీద అడాప్టరు వోల్టులు, ఆంపియర్లు రాయండి. అడాప్టరుకూ, దాని పెట్టెకూ ఒకే రంగు దారం కట్టండి. ఖాతా పేరు, సంకేత పదం మాత్రం గోడ మీద వద్దు. అవి ఇంట్లో పెద్దల దగ్గర, బడిలో హెడ్మాస్టారి బీరువాలో ఉండాలి.

మూడు పనులు మాత్రం చెయ్యకండి. రౌటరును గాని అడాప్టరును గాని విప్పవద్దు, లోపల 230 వోల్టులు ఉండవచ్చు. రౌటరు తన పెద్ద ప్రోగ్రామును కొత్తదానితో మార్చుకుంటున్నప్పుడు కరెంటు తీయవద్దు. సగం రాసిన ప్రోగ్రాముతో అది మూడవ మెట్టు ఎక్కలేదు. అలా చచ్చిన రౌటరును ఇంజనీర్లు 'ఇటుక' అని వేళాకోళం చేస్తారు. ఇక మూడవది, ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలియకుండా రీసెట్ రంధ్రం జోలికి పోవద్దు.

ఆ బడిలో ఇప్పుడు రౌటరు పక్కన గోడకు ఒక పట్టిక ఉంది. అడాప్టర్లకు ఎర్ర దారం, పచ్చ దారం కట్టి ఉన్నాయి. రీసెట్ రంధ్రం మీద ఎవరో చిన్న కాగితం ముక్క అంటించారు. దాని మీద "ముందు దీపాలు చూడండి" అని గుండ్రని అక్షరాలతో రాసి ఉంది. ఆ దస్తూరి ఎవరిదో నేను అడగలేదు.